ఈజీ మోడ్‌లో తొమ్మిది మార్కులు

కోయంబత్తూరులో పెళ్లిచూపులకు ఒక అమ్మాయి ఇంటికి వచ్చిన ప్రభాకరన్‌ది ఒక్కటే అనుమానం: తనని అందరి ముందూ ఉతికి ఆరేసింది ఈమేనా?

అతను వీడియో గేములకు తమిళంలో రివ్యూలు చెబుతాడు. కొత్తగా వచ్చిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ గేముని సమీక్షకులంతా మెచ్చుకున్నారు. అతనూ పదికి తొమ్మిది ఇచ్చాడు. ఆడినవాళ్లు మాత్రం అతని వీడియో కింద కామెంట్లలో తిట్టిపోశారు. ఆ తిట్లలో ఒకటి తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు. మిగతావాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే అతనికి మాత్రం బాగా తగిలింది.

“ఈజీ మోడ్‌లో ఆడేసి మార్కులు వేసినావా సామీ? హార్డ్‌లో ఆడి చూడు. మెడ పట్టుకుంటే విడిపించుకునే దారే లేదు.”

ఆడి చూశాడు. నిజమే. తప్పు ఒప్పుకుంటూ ఇంకో వీడియో పెట్టి, మార్కులు ఆరుకి దించాడు. ఆ వారమే ఈ సంబంధం వచ్చింది. అమ్మాయి వాళ్లదీ తెలుగు మాట్లాడే ఇల్లే; ఇంట్లో అతని వీడియోలన్నీ చూస్తారట.

“ఆ కామెంట్ మీదేనా?” మెల్లగా అడిగాడు.

అమ్మాయి పకపకా నవ్వింది. “నాకు ఆ ఆటలంటేనే తలనొప్పి. అమ్మా, నిన్నే అడుగుతుండారు!”

వాళ్లమ్మ చారులత అతని చేతికి కాఫీ ఇచ్చింది. “నేనే రాసినా తంబీ. ఆటలో దెబ్బ తగిలినప్పుడంతా తెలుగులో అరుస్తావు గదా, మనవాడే అనుకుంటి. ఎంతమంది తిట్టినా మార్కు దించింది నువ్వొక్కడివే. అందుకే జాతకం పంపించినాము.”

ప్రభాకరన్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“అది అమ్మ రౌండు,” అంది అమ్మాయి, కుర్చీ అతని ఎదురుగా లాక్కుంటూ. “నాది ఇంకా మొదలు కాలేదు.”