స్నేహితుల రేటు

లెక్క ప్రకారం పాయింటుకి ఎనిమిది రూపాయలు పడుతుంది. స్నేహితుడికి పన్నెండు చెప్పాలనీ, చెప్పేటప్పుడు “నాకు పడ్డ ధరకే ఇస్తున్నాను” అని కళ్ళార్పకుండా అనాలనీ వాల్యుయర్ అద్దం ముందు నిలబడి సాధన చేశాడు.

బ్యాంకులు అప్పిచ్చే ముందు ఇళ్ళకి విలువ కట్టడం అతని ఉద్యోగం. గోడ మీద వెంట్రుకంత పగులు కనబడినా ధర తగ్గించేస్తాడు. అంతటి మనిషి ఒకసారి ఏసీ హాల్లో ఉచిత భోజనం చేసి, టై కట్టుకున్న కుర్రాడు అరచేతిలో వైకుంఠం చూపిస్తుంటే, హాలిడే క్లబ్బులో సభ్యత్వం కొనేశాడు. క్లబ్బువాళ్ళు ఏటా కొన్ని పాయింట్లు ఇస్తారు. వాటితో సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ రిసార్టులో వారం పాటు గది తీసుకోవచ్చు. వెళ్ళినా మానినా మెయింటెనెన్సు మాత్రం కట్టి తీరాలి. అది కట్టిన ప్రతిసారీ వాల్యుయర్ తన తెలివికి తనే విలువ కట్టుకునేవాడు. ఎన్నిసార్లు కట్టినా పెద్ద అంకె వచ్చేది కాదు.

“ఈ ఏడాదైనా పిల్లల్ని తీసుకుని మనమే వెళ్దామండీ,” అంది భార్య.

“మనం వెళ్తే ఏమొస్తుంది? అద్దెకిస్తే మెయింటెనెన్సు వచ్చేస్తుంది, పైన నాలుగు రాళ్ళు మిగులుతాయి.”

“పోనీ, ఎనిమిదికే ఇవ్వండి. స్నేహితుల దగ్గర లాభమేమిటి?”

వ్యాపారం తెలియని అమాయకురాలని నవ్వుకున్నాడు.

స్నేహితుడికి ఫొటో స్టూడియో ఉంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళు. కొసరు వేయించుకోకుండా కూరగాయల బండి దగ్గర నుంచి కదిలే రకం కాదు ఆ స్టూడియో ఆసామి. పన్నెండంటే తొమ్మిదికి అడుగుతాడని, పదిన్నర దగ్గర తెగుతుందని వాల్యుయర్ అంచనా.

“నీకు కాబట్టి నాకు పడ్డ ధరకే ఇస్తున్నాన్రా. పన్నెండు.”

“సరే,” అన్నాడు స్నేహితుడు. “రిసార్టులో చూపించే గెస్టు లెటర్లో వెళ్ళేవాళ్ళ పేరు రాయకు, ఖాళీగా వదిలెయ్. మావాళ్ళలో ఎవరు వెళ్తారో ఇంకా తేలలేదు.”

లాభం వచ్చింది గానీ వాల్యుయర్‌కి సంతోషం రాలేదు. ఇంకో రెండు కలిపి చెప్పాల్సిందని ఆ వారమంతా కుమిలిపోయాడు.

మరుసటి ఏడు పదహారు చెప్పాడు. సంగతి విని భార్య నెత్తి కొట్టుకుంది. “పదహారా! కాస్తయినా న్యాయం ఉండాలండీ. కట్టేవాళ్ళ ఉసురు తగులుతుంది,” అంది. స్నేహితుడు మాత్రం “సరే” అన్నాడు. మూడో ఏడు ఇరవై అన్నప్పుడు వాల్యుయర్ గొంతు అతనికే సిగ్గుగా వినిపించింది.

“సరే రా. పేరు ఖాళీగా వదిలెయ్.”

దాంతో అనుమానం పెనుభూతమైంది. కొసరు లేనిదే కొనని మనిషి ఇరవైకి ఎందుకు తలూపాడు? పేరు ఎందుకు వద్దంటున్నాడు? ఇంకేముంది, తన దగ్గర కొని బయట ముప్ఫైకో నలభైకో అమ్ముకుంటున్నాడు! నిలదీద్దామంటే తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అసలు నీకెంత పడిందని ఎదురడిగితే ఏం చెప్పాలి? తను స్నేహితుణ్ణి దోచుకుంటే వ్యాపారం, స్నేహితుడు తనని దోచుకుంటే ద్రోహం. ఈ న్యాయం ఎంత వంకరదో అతనికీ తెలుసు. తెలిసినా కడుపుమంట చల్లారలేదు.

“ఆయన అలాంటివాడు కాదండీ. ఉత్త అనుమానంతో చిన్ననాటి స్నేహం పాడుచేసుకోకండి,” అని భార్య ఎంతో చెప్పింది. చెప్పి, ఏటా సెలవుల్లో వెళ్ళినట్టే పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో ఆపేవాళ్ళు లేరు కాబట్టి వాల్యుయర్ సెలవు పెట్టి సముద్రం వైపు బస్సెక్కాడు. మోసం రుజువైతే ఇక ఆ స్టూడియో గడప తొక్కకూడదని దారిలోనే తీర్మానించుకున్నాడు. అనుకున్నప్పుడు కళ్ళు చెమర్చాయి. వాడు తప్ప తనకి వేరే స్నేహితులెవరూ లేరు.

ఇన్నేళ్ళుగా పాయింట్లు అమ్ముతున్న రిసార్టుని చూడటం అదే మొదటిసారి. బాగానే ఉంది. అలవాటు చొప్పున పైకప్పు మీద చెమ్మ మరక వెతికి పట్టుకుని, మనసులో ధర కాస్త తగ్గించి, రిసెప్షన్ దగ్గరికి నడిచాడు.

“గదిలో ఎవరున్నారో చెప్పకూడదండీ,” అంది అక్కడి అమ్మాయి. “మీరు మెంబరే అయినా గది ఇప్పుడు గెస్టుది. కావాలంటే ఫోన్ కలుపుతాను, మీరే మాట్లాడుకోండి.”

వాల్యుయర్ రిసీవర్ అందుకుని గొంతు సవరించుకున్నాడు.

“నమస్కారమండీ. మీరున్న గది తాలూకు పాయింట్లు నావి. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి రాలేదు, కంగారు పడకండి. మా స్నేహితుడు మీ దగ్గర పాయింటుకి ఎంత తీసుకున్నాడో ఒక్క మాట చెప్పండి, చాలు. మోసపోయింది మీరో నేనో తేలిపోతుంది.”

అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది.

“ఏమండీ, ఆయన నా దగ్గర పైసా ఎక్కువ తీసుకోలేదు, మూడేళ్ళుగా మీరిచ్చిన ఇంటిఖర్చులోనే మిగిల్చి, ఆయన చేత మీకే కట్టిస్తున్నాను, వచ్చే ఏడైనా ధర కాస్త తగ్గిస్తారా?”