చెప్పి రాసిన చరిత్రలు

పెళ్లే కాని దావీదురాజుకు ముగ్గురు కొడుకులున్నారని సమాధి దగ్గర చదివేసింది స్తుతి.

శవపెట్టె చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

దావీదురాజు అక్క మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తుతి వంకే చూసింది.

డోన్‌లో వాళ్ల చర్చిలో ఎవరు పోయినా, మట్టి చేసే ముందు వాళ్ల జీవిత చరిత్ర చదవాలి. డిగ్రీ చదివిన పిల్ల కదా అని పాస్టరుగారు ఆ పని స్తుతి నెత్తిన పెట్టారు. ఆమెకేమో రాయడమంటేనే వణుకు. కాగితం ముందు కూర్చుంటే ఒక్క ముక్కా తోచేది కాదు. అందుకని ఎప్పుడో ఒకరికి రాసినదాన్నే దాచుకుని, పేరు మార్చి అందరికీ చదువుతూ వచ్చింది. అందరూ ప్రార్థనాపరులే, అందరూ ప్రేమగలవాళ్లే. ఈసారి పేరు మార్చింది కానీ కొడుకులను తీసెయ్యడం మరిచిపోయింది.

జనం వెళ్లిపోయాక సమాధుల తోట గోడ పక్కన కూలబడి ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నవ్వినారని ఏడుస్తాండావా పాపా, ఆయన గురించి తప్పు చెప్పినానని ఏడుస్తాండావా?"

తల ఎత్తి చూస్తే భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన. ఎవరి మట్టి జరిగినా వచ్చి గుంపు చివర నిలబడతాడు. భోజనాల కోసం వచ్చేవాడేమోనని స్తుతి ఎప్పుడూ అనుకునేది.

"నాకు రాయడం రాదు తాతా. ఇంక పెన్ను ముట్టను."

"రాయొద్దులే. చెప్పు."

"ఏం చెప్పాల?"

"దావీదురాజు ఎట్లాటోడో చెప్పు. నాకు తెలీదు గదా."

"నాకూ తెలీదు."

"అయితే పోయి తెలుసుకోని రా. స్టేషన్ బయట టీ బంకు కాడ కూచోనుంటా."

మరునాడు స్తుతి తిట్లు తినడానికి సిద్ధపడే దావీదురాజు అక్క ఇంటికి వెళ్లింది. ఆమె తిట్టలేదు. తమ్ముడి గురించి చెబుతూ కూర్చుంది.

అక్కడి నుంచి స్తుతి నేరుగా టీ బంకు దగ్గరికి వచ్చింది.

"ఆయన శానా దయగల మనిషంట తాతా."

ముసలాయన రైలు పట్టాల వైపు చూస్తూ టీ తాగుతున్నాడు.

"మేకలకు ప్రవక్తల పేర్లు పెట్టి పిలిచేవాడంట. ఒకసారి యిర్మీయా తప్పిపోతే వానలో గుట్టలన్నీ తిరిగినాడంట."

గ్లాసు కింద పెట్టాడు. "ఆ, దొరికిందా?"

"దొరికింది. భుజాల మీద ఎత్తుకోనొచ్చినాడంట."

"ఇదీ. ఇది రాయి. దయగల మనిషంటే నాకెవరూ కనపడల్యా. మేక కోసం తిరిగినోడు కనపడినాడు."

ఆ టీ బంకు బెంచీ మీదే, ఆ వేడిలోనే రాసింది. ఆదివారం, పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో చదివితే దావీదురాజు అక్క వెక్కి వెక్కి ఏడ్చి, స్తుతి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అప్పటి నుంచి అదే ఆమె పద్ధతి అయింది. పోయినవాళ్ల ఇంట్లో ఊరికే వింటుంది, కాగితం తియ్యదు. బెంచీ దగ్గరికొచ్చి తాతకు చెబుతుంది. ఆయన "ఆ, తర్వాత?" అన్న చోటు ఉంచుతుంది. పట్టాల వైపు చూసిన చోటు తీసేస్తుంది. చెప్పడం అయ్యాకే రాయడం. మెల్లగా చేతి వణుకు పోయింది. చుట్టుపక్కల పల్లెల పాస్టర్లు కూడా ఆమెకే కబురు పెట్టసాగారు.

తాత తన సంగతి ఏనాడూ ఎత్తలేదు. అడగాలని స్తుతికీ తట్టలేదు. ఆయన ఉన్నదే తను చెప్పేది వినడానికన్నట్టు ఉండేది ఆమె ధోరణి.

ఎండాకాలం వచ్చేసరికి బెంచీ ఖాళీగా కనిపించడం మొదలైంది. ఎండకు రాలేదేమో అనుకుంది.

ఒక పొద్దున పాస్టరుగారు ఫోన్ చేశారు. "పక్క పల్లెలో లేవి అని ఒక పెద్దాయన పోయినాడమ్మా. రాసేవాళ్లు ఎవరూ లేరంట. నువ్వు పోయి చూడు."

వెళ్లి పెట్టెలోకి చూసింది. బెంచీ మీది తాత.

స్తుతి ఊళ్లో వాళ్లందరి బతుకులూ ఆయనకు చెప్పింది. ఆయన పేరు మాత్రం ఈ పొద్దే తెలిసింది. ఎంత స్వార్థపరురాలిని అనుకుంది. ఇప్పుడు ఈయన గురించి ఎవరికి చెప్పి రాయాలి? ఏమని చెప్పాలి? లోపలంతా బావి ఎండిపోయినట్టుంది.

పెట్టె పక్కన గోడకు ఆనుకుని ఆయన భార్య కూర్చుని ఉంది. స్తుతి ఆమె ముందు కూర్చుని, అందరినీ అడిగినట్టే అడిగింది.

"తాత ఇంట్లో ఏమేం మాట్లాడేవాడు అవ్వా?"

ఆమె వింతగా చూసింది. "ఆయన ఏం మాట్లాడతాడు పాపా."

"నాతో శానా మాట్లాడేవాడు. ఎట్లా చెప్పాల, ఎట్లా రాయాల, అన్నీ తాతే నేర్పినాడు."

ఇంట్లో ఏడుస్తున్న ఆడవాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయారు.

ముసలామె జరిగి వచ్చి స్తుతి రెండు చేతులూ పట్టుకుంది.

"మా శామ్‌ను పూడ్చేటప్పుడు, తండ్రివి గదా బిడ్డ గురించి రెండు మాటలు చెప్పమంటే నోట మాట రాక కూలబడినోడు, ఆ దినం నుంచి ఇంట్లో ఒక్క మాటా మాట్లాడలేదు, ఆయన గొంతు ఎట్లుండేదో నేనే మర్సిపోయినా, నీతో ఎట్లా మాట్లాడేవాడు పాపా?"