పద్నాలుగు మెరుపులు

"నేను సంతకం పెట్టను," అన్నాడు భర్త, అందరి ముందే.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. సముద్రం అడుగున తీగలకు వేలాడే గాజు గోళాలు ఆరేళ్లుగా పంపిన లెక్కల్లోంచి ఆమె పదిహేడు మెరుపులు ఏరింది. దేన్నయినా దూసుకుపోయే న్యూట్రినో కణాల జాడలవి. అన్నీ సూర్యుడి వైపు నుంచే, సూర్యుడు మామూలుగా పంపే వాటికంటే ఎన్నో రెట్లు బలంగా వచ్చాయి. సూర్యుడి కడుపులో కృష్ణ పదార్థం పోగుపడి, తనలో తానే ఢీకొని నశిస్తుంటే తప్ప అలాంటివి రావని ఆమె నమ్మకం. ఇంతవరకూ ఎవరికీ చిక్కని పదార్థం. ఆ సంగతి లోకానికి చెప్పే పత్రం మీద బృందమంతా సంతకాలు పెట్టింది, ఆ తీగలను సముద్రంలోకి దించిన ఇంజనీరు తప్ప. ఆ ఇంజనీరే ఈయన.

నీటి వడికి తొమ్మిదో తీగ ఒరిగి ఉండొచ్చనీ, ఒరిగితే దిక్కులు తప్పుతాయనీ ఆయన వాదన.

"ఈ మాట ఇంట్లో చెప్పొచ్చుగా?" అంది వరండాలోకి వచ్చాక.

"ఇంట్లో అయితే నువ్వు ఒప్పించేస్తావు."

తీగను చూసి రావడానికి మర్నాడే ఓడెక్కాడు. మూడు వారాలు ఆమె ఆయన ఫోను ఎత్తలేదు. క్షేమమేనని అత్తగారు చెబితే విని ఊరుకుంది. ఎండకు కమిలిన మొహంతో తిరిగొచ్చి, తిన్నగా ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. తీగ నిజంగానే కాస్త ఒరిగిందట. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దిక్కులన్నీ మళ్లీ లెక్కగట్టారు. మూడు మెరుపులు పక్కకు పోయాయి. పద్నాలుగు నిలిచాయి. అవి చాలు. ఆయన పెన్ను తీసి సంతకం పెట్టాడు.

అప్పుడు డైరెక్టరు బీరువాలోంచి సీలు వేసిన కవరు తెచ్చాడు. బృందం ఎంత మెలకువగా ఉందో చూడటానికి తనిఖీ సంఘం ఒక్కోసారి ఎవరికీ చెప్పకుండా లెక్కల్లో దొంగ మెరుపులు కలుపుతుంది. కలిపిందీ లేనిదీ ఆ కవర్లో రాసి ఉంటుంది. సంతకాలన్నీ పడ్డాకే తెరవాలి. కిందటిసారి కలిపారు. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

ఈసారీ అంతేనని అందరికీ తెలిసినట్టే ఉంది. ఒకరిద్దరు అప్పుడే కాగితాలు సర్దుకుంటున్నారు. భర్త ఆమె పక్కకు జరిగి, "వెతకడం మనకు బాగా వచ్చని తేలింది. అది తక్కువేం కాదు," అన్నాడు మెల్లగా.

ఆమె తలూపి కవరు చించింది. లోపలి కాగితం మీద ఒకటే వాక్యం ఉంది.

"ఈసారి మేము ఏమీ కలపలేదు."