చెంబు మీది పేరు

"ఆడపిల్లమ్మా, బంగారంలా ఉంది," అని నర్సు చెప్పగానే మృదుల నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "చిలుకమ్మ!"

నర్సు కిసుక్కున నవ్వింది. అప్పుడే లోపలికి వచ్చిన భర్త రాఘవేందర్ నవ్వలేదు.

"జర ఆగు మృదులా. ఇంట్ల వింటే లొల్లి అయితది."

లొల్లి అయింది. ఇరవై రోజులుగా అవుతూనే ఉంది.

ఆ పేరు మృదులకు ఒక చెంబు మీద దొరికింది. ఏడాదిన్నర కింద శంషాబాద్‌లోని ఈ ఇంటికి కొత్త కోడలిగా వచ్చిన వారానికే, అటక మీద పాత సామాన్ల మధ్య కనబడిందా ఇత్తడి చెంబు. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: చిలుకమ్మ. ఎవరామె అని అడిగితే రాఘవేందర్, "ఏ ముసలామెదో," అన్నాడు. అత్త ప్రసన్నలక్ష్మి దాన్ని పెరట్లోకి తీసుకుపోయింది. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, చెంబును మృదుల చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి మృదుల మంచినీళ్లు తాగేది అందులోనే. తాగినప్పుడల్లా ఆ అక్షరాలను బొటనవేలితో తడిమేది. ఎయిర్‌పోర్టు చెక్-ఇన్ కౌంటర్‌లో రోజూ వందల పేర్లు చూసే ఉద్యోగం ఆమెది. ఒక్కో విమానంలో ముగ్గురు ఆద్యలు, నలుగురు అన్వికలు. ఇంత ముద్దొచ్చే పేరు మాత్రం ఎక్కడా తగల్లేదు.

మొదటి దెబ్బ కన్నతల్లి నుంచే పడింది. వేదవతికి మోకాలి ఆపరేషన్ కావడంతో పురుడు అత్తారింట్లో పోయాల్సి వచ్చింది. రాలేకపోయిన కోపం కూడా కలిపి ఫోన్‌లో కుమ్మరించింది.

"ఎంబీఏ చదివించింది ఇందుకేనామ్మా? కాకినాడలో మనవాళ్లకి నేనేం చెప్పుకోవాలి? చక్కగా పది పేర్లు వాట్సాప్ చేశానుగా!"

"అందులో ఒక్కటీ నోరు తిరగదమ్మా," అని మృదుల ఫోన్ పెట్టేసింది.

రెండో దెబ్బ మామగారి అక్క దుర్గవ్వ. పాపను చూడటానికని మహేశ్వరం నుంచి వచ్చి, పది రోజులుగా ఇక్కడే తిష్ఠ వేసింది.

"చిలుకమ్మ అంట! జామపండు చేతికిచ్చి పంజరంల కూసోబెడ్తవా పిల్లను? రేపు బళ్లె అందరు నవ్వరా?"

"మీ పేరు దుర్గవ్వే కదా పెద్దమ్మగారూ?"

"నాకు పెట్టెటప్పుడు నన్నెవరన్న అడిగిన్రా? ఆ పేరు ఈ ఇంట్ల నడువది. ఏంరా మల్లేశూ, నీ కోడలు గిట్ల మాట్లాడుతుంటే చూస్తున్నవా?"

మామగారు మల్లేశ్వర్ టీవీ సౌండు పెంచాడు.

ఇంటి మీదుగా విమానం పోయేటప్పుడు అందరూ నోళ్లు మూసుకునేవారు. చప్పుడు తగ్గగానే, ఆపిన మాట దగ్గరి నుంచే మళ్లీ మొదలు.

కానీ వీళ్లందరికంటే మృదులకు ఒళ్లు మండింది అత్తగారి మీద. వాళ్లు నోటితో అన్నారు. ఈమె మొహంతో అంటోంది. పాపను ఆడిస్తూ "చిలుకమ్మా!" అంటే చాలు, వంటింట్లో ప్రసన్నలక్ష్మి చేతిలో పని వదిలేసి గిరుక్కున తిరిగేది. ఒకసారి పప్పు గిన్నె జారవిడిచింది. ఇంకోసారి పెరట్లోంచి "ఆఁ?" అంటూ తడి చేతులతో గుమ్మం దాకా వచ్చింది. పాప వైపు చూసి, మళ్లీ పెరట్లోకి వెళ్లిపోయింది.

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి అత్తయ్యా! పిలిచిన ప్రతిసారీ ఈ ఉలికిపాటు దేనికి?" అని ఒకరోజు అరిచేసింది మృదుల.

"నేనేమన్న అన్ననా బిడ్డా," అంది ప్రసన్నలక్ష్మి తల దించుకుని.

తెల్లారితే ఇరవై ఒకటో రోజు. పాపను తొట్టెలో వేసి పేరు పెట్టాలి. ఆ మధ్యాహ్నం మృదుల నీళ్లు తాగబోతే చెంబు లేదు.

"నా చెంబు ఎవరు తీశారు?"

దుర్గవ్వ తమలపాకుకు సున్నం రాస్తూ తాపీగా చెప్పింది. "నీ అత్తనే. సంచిల వెట్టుకొని బజారుకు పోయింది. ఏ పాత సామాన్లోనికో ఏసొస్తది, పీడ పోతది. పిల్లకు సాయిధన్విక అని పెడ్తున్నం. పూజ చేసే అయ్యగారికి గూడ చెప్పిన."

మృదులకు కళ్లలో నీళ్లు రాలేదు, నిప్పులు వచ్చాయి. బ్యాగు లాగి పాప బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

"రాఘవా, క్యాబ్ పిలువు. మా అమ్మ దగ్గరికి పోతున్నా."

"మీ అమ్మ గూడ ఆ పేరు వద్దంటున్నది గదా?"

"అయితే ఎయిర్‌పోర్టులో కూర్చుంటా! అక్కడెవ్వరూ నా కూతురి పేరుకి వంకలు పెట్టరు!"

గేటు చప్పుడైంది. ప్రసన్నలక్ష్మి ఎండకు వాడిన మొహంతో లోపలికి వచ్చింది. సంచిలోంచి చెంబు తీసి మృదుల ముందు పెట్టింది. దాని పక్కనే బుల్లి వెండి గ్లాసు ఒకటి పెట్టింది. గ్లాసు మీద కొత్తగా కొట్టించిన అక్షరాలు, చెంబు మీద ఉన్నట్టే చుక్కలు చుక్కలుగా: చిలుకమ్మ.

మృదుల చేతిలోని పాప గౌను జారి కింద పడింది.

"ఏంది ప్రసన్నా ఇది?" దుర్గవ్వ లేచి నిలబడింది.

ముప్పై రెండేళ్లలో ఆడబిడ్డకు ఎదురు మాట చెప్పి ఎరగని ప్రసన్నలక్ష్మి, ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

"రేపు తొట్టెల ఏసినంక పిల్లను పేరు పెట్టి నేనే పిలుస్త వదినె, పెండ్లి పీటల మీద నువ్వు ప్రసన్నలక్ష్మి అని మార్చేదాంక నా పేరు గదే."