రైలు గేటు గంట

పని నేర్పిస్తామని జపాన్ తీసుకొచ్చి, రెండేళ్లుగా దియెప్ చేత లెట్యూస్ కోయిస్తున్నారు. తెల్లవారుజామున రెండింటికి పొలంలో దిగితే మళ్లీ చీకటి పడేదాకా నడుం ఎత్తనివ్వరు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. ఆమె గోడు వినే మనిషి ఒక్కతే, ఎక్కడో దూరాన నగోయా నగరంలోని సహాయ కేంద్రంలో ఫోనెత్తే న్యుంగ్ అక్క. ఆమెదీ వియత్నామే. మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి దియెప్ సంచీ సర్దుకుని, పొలం చివర షెడ్డు వెనక నక్కి ఫోన్ చేసింది.

"వచ్చేశానక్కా. ఎటు పొమ్మంటావ్?"

"ఎటూ పోకు చెల్లీ. నగోయా నుంచి కారు పంపిస్తున్నా. ఎవరికైనా చెప్పావా?"

"నీకు తప్ప ఎవరికి చెబుతానక్కా?"

ఆఖరి బండి వస్తున్నట్టుంది, పక్కనే రైలు గేటు గంట మొదలైంది. మాట వినబడక దియెప్ రెండో చెవి గట్టిగా మూసుకుంది.

అయినా గంట మోగుతూనే ఉంది. ఫోన్‌లో.

మే నెలలో పారిపోబోయిన తోటి పనిపిల్ల లోన్‌ని బస్సు రాకముందే పట్టుకుని వియత్నాం పంపేశారు. ఏ బస్సుకి వెళ్తోందో లోన్ ఈ అక్కకే చెప్పింది. చెప్పమని లోన్‌ని బతిమాలింది దియెప్పే.

దియెప్ చెవి మీంచి చెయ్యి తీసేసింది. రైలు వెళ్లిపోయింది. బయటా ఫోన్‌లోనూ గంట ఒకేసారి ఆగింది.

"అక్కా... నువ్వెక్కడున్నావ్?"

"నగోయాలోనే ఉన్నానుగా," అంది న్యుంగ్ ఎంతో ప్రేమగా. "భయపడకమ్మా. అక్కడే కూర్చో."

గట్టు మీద ఎవరో కారు తలుపు మూశారు. ఆ చప్పుడు దియెప్‌కి రెండు చెవుల్లోనూ వినిపించింది.