మన సరుకు మన ఇంట్లోనే

"ఒరేయ్ బాలూ, గుర్రం ఎగరడం లేదురా."

మంచంలోంచి సుబ్బరావమ్మ పిలిచింది. బాలు వచ్చి చూస్తే టీవీలో గుర్రమూ లేదు, దాని మీది రాకుమారుడూ లేడు. నల్లటి తెర మీద ఒకటే ముక్క: ఈ చిత్రం ఇక మీకు అందుబాటులో లేదు.

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ మనిషికి పొద్దు గడిచేది ఆ నలుపు తెలుపు జానపదంతోనే. కొత్త పెళ్ళికూతురిగా టెంటు హాల్లో చూసిన బొమ్మ. తల్లి కోసం బాలు దాన్ని అద్దెకి తీసుకోలేదు, పూర్తి ధర పెట్టి కొన్నాడు. వెంటనే కంపెనీకి ఫోను చేశాడు.

"హక్కులు అయిపోయాయండి," అంది అవతలి అమ్మాయి తేనె పూసిన గొంతుతో.

"నేను కొన్నానండీ."

"మీరు కొన్నది చూసే అవకాశమండి, సినిమా కాదు. ఇంకో మంచి సినిమా చూపించమంటారా?"

బాలుకి ఒళ్ళంతా గొంగళిపురుగులు పాకినట్టయింది. అమ్మినవాడే చెప్పాపెట్టకుండా ఇంట్లో దూరి వస్తువు ఎత్తుకుపోతే, ఊళ్ళో అయితే కరెంటు స్తంభానికి కట్టేస్తారు. ఫోన్లో చేస్తే దానికి నిబంధనలని పేరు. ఛీ అనుకుని ఆ యాప్‌ని ఫోన్లోంచీ టీవీలోంచీ పీకేశాడు.

బాలు గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్లు నేర్పుతాడు. అక్కడ మూలపడ్డ పాత కంప్యూటర్‌ని అడిగి ఇంటికి మోసుకొచ్చి, లోపల పెద్ద డిస్కు బిగించాడు. అందులో సినిమాలు ఎక్కిస్తే ఇంట్లో టీవీకి అదే పంపిస్తుంది. ఇంటర్నెట్టూ అక్కర్లేదు, ఏ కంపెనీ దయా అక్కర్లేదు. ఇక సినిమా కావాలి. ఒకప్పుడు సీడీల కొట్టు నడిపిన అమానుల్లా ఇంటికి వెళ్ళి అటక మీది డబ్బాలన్నీ దింపించాడు. దొరికిన సీడీ నిండా గీతలే. ఎన్నోసార్లు మొరాయించి, మొరాయించి, చివరికి సినిమా మొత్తం ఆ కంప్యూటర్ పెట్టెలోకి ఎక్కింది. బయటికి తీస్తుంటే సీడీ కాస్తా రెండు ముక్కలైంది. ఇప్పుడా గుర్రం ఉన్నది ఆ పెట్టెలోనే.

గుమ్మం పక్కన నులకమంచం బిగిస్తూ తండ్రి బాపయ్య ఇదంతా చూస్తున్నాడు. మిరప పండించడం తప్ప ఆయనకి ఇంకో ధ్యాస లేదు.

"ఇంత తంటా దేనికిరా? ఇంకో కంపెనీలో కొనరాదూ?"

"ఏ కంపెనీ అయినా అంతే నాన్నా. పరాయివాడి గోడౌన్లో ఉన్న సరుకు మనది కాదు. వాడు తలుపేసుకుంటే మన చేతికి చిప్పే. మన సరుకు మన ఇంట్లోనే ఉండాలి."

"ఎంత తెలిసినవాడైనానా?"

"తెలిసినవాడే ముందు ముంచేది. నేను మునిగింది చాలదా? వాళ్ళ పేరు వింటేనే రోత పుడుతోంది."

బాపయ్య నులక వదిలేశాడు. తర్వాత లేచొచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు.

"పొయ్యిలా కాలిపోతోందేంట్రా?"

"అదే దీని జబ్బు. వేడి పడదు. చల్లగా ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది. గుంటూరెళ్ళి దీనికో మంచి ఫ్యాను తెస్తాను. నేనొచ్చేదాకా వేడి తగలకుండా చూడు నాన్నా. సాయంత్రం అమ్మకి గుర్రం ఎగరాల్సిందే."

సుబ్బరావమ్మ అప్పుడే పక్కింటి వెంకటరావమ్మని పిలిచి జడ వేయించుకుంటోంది. సాయంత్రం సినిమాకి ఆవిడని కూడా రమ్మంది.

ఫ్యాను డబ్బా చంకన పెట్టుకుని బాలు బస్సు దిగేసరికి వీధి మొదట్లోనే ముక్కు మండింది. ఇంటి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. వరండాలో మిరపకాయల బస్తాలు, హాల్లో బస్తాలు, తల్లి మంచం చుట్టూ బస్తాలు. సుబ్బరావమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తుమ్మిన తుమ్ము తుమ్మకుండా తుమ్ముతోంది. వెంకటరావమ్మ దగ్గుకుంటూ వాళ్ళింటికి పోతోంది.

"ఏంటిది నాన్నా? మన కాయలు కోల్డ్ స్టోరేజీలో కదా ఉండాల్సింది? ఈ ఎండలకి రంగు పోతే ఎవడు కొంటాడు?"

"నువ్వేగా చెప్పింది, పరాయివాడి గోడౌన్లో ఉన్నది మనది కాదని. పొద్దున్నించీ నా మనసు మనసులో లేదురా. రంగు పోతే పోయింది, కాయలు మన ఇంట్లో ఉన్నాయి. చదువుకున్నోడివి, ఊరికే అంటావా?"

పొద్దున తను దంచిన ఉపన్యాసం మీద బాలుకే వెగటు పుట్టింది. బస్తాలు ఎక్కి దిగి, పెట్టె పెట్టిన మూలకి చేరాడు. అక్కడా బస్తాలే ఉన్నాయి.

"నాన్నా, పెట్టె ఏది?"

బాపయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"వేడి తగలకుండా చూడమన్నావుగా. కోల్డ్ స్టోరేజీ వాడు ముందు కుదరదన్నాడు. నేనే బతిమాలి, మన కాయలు తీసిన చోట పెట్టించాను."

"పరాయివాడి దగ్గరా?"

"కాయలైతే కాజేస్తాడు గానీ, ఆ ఇనప డబ్బా ఎవడిక్కావాలిరా? సోమవారం దాకా తలుపు కూడా తియ్యరంట. గోడలు చెమ్మగా, ఎంత చల్లగా ఉన్నాయో," అని మంచం వైపు తిరిగి భార్యకి ధైర్యం చెప్పాడు, "నీ సినిమాకేం ఢోకా లేదే, ఏడాదైనా రంగు పోదు."