ఏడుకు అర తక్కువ

ఫోన్ తెర మీద ఐదు గడులు. చివరి గడి అన్నిటికంటే పెద్దది. అందులో ఏడున్నర.

కావలసింది ఏడు. వచ్చింది ఏడున్నర. ఇంకేం కావాలి?

మిషన్ మీద సగం కుట్టిన ప్యాంటు అలాగే వదిలేసి లేచాను.

మా ఆవిడ పదకొండేళ్ళు నర్సుగా చేసింది. ఈ దేశం వచ్చాక, అదే పని చెయ్యాలంటే ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలన్నారు. నెగ్గేదాకా ఆసుపత్రిలో ఆయా. పక్కలు మార్చొచ్చు, ఒళ్ళు తుడవొచ్చు. సూది మాత్రం ముట్టుకోకూడదు.

పరీక్ష రాయడం ఇది నాలుగోసారి. హెడ్ నర్సు మా ఆవిడ కోసం ఒక పోస్టు ఈ నెలాఖరుదాకా ఆపి ఉంచింది. ఆపైన హెడ్ నర్సు చేతుల్లో కూడా లేదు.

ఫలితం నా ఫోన్‌కే వచ్చింది. ఆవిడేమో డ్యూటీలో ఉంది. నా నోట్లో నువ్వుగింజ నానదు. అత్తగారికి ఫోన్ చేశాను. బావమరిదికి చేశాను. షాపు ఓనరుకూ చెప్పాను.

"మా అక్క పాసవకపోతే ఇంకెవరు పాసవుతారు బావా!" అని బావమరిది ఫోన్లోనే ఈల వేశాడు.

సాయంత్రం ఆవిడ ఇంకా చెప్పులు విప్పుతుండగానే ఫోన్ ముఖం ముందు పెట్టాను.

చూసింది. నవ్వలేదు.

వేలితో మూడో గడి చూపించింది.

వినడం ఎనిమిదిన్నర. చదవడం ఎనిమిది. రాయడం ఆరున్నర. మాట్లాడడం ఏడున్నర.

"అయితే ఏం? మొత్తం మీద ఏడున్నర కదా!"

"మొత్తంతో పని లేదండీ. నర్సులకు నాలుగింటిలోనూ ఏడు రావాలి. విడివిడిగా."

"వినడంలో ఒకటిన్నర మిగులుంది కదా. అందులోంచి అర తీసి ఇందులో వెయ్యరూ?"

"వెయ్యరు."

నేను దర్జీని. నడుము చాలకపోతే లోపలి మడతలోంచి గుడ్డ వదిలి సర్దుతాను. ఇరవై ఏళ్ళుగా తింటున్న తిండి అదే. ఆ మాటే అన్నాను.

"ఎవరికైనా చెప్పేశారా?" అంది.

ఈలోగా అత్తగారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

మా ఆవిడే తీసింది. "లేదమ్మా. ఆయన సరిగ్గా చూసుకోలేదు... లేదులే, నేను బాగానే ఉన్నాను" అంటూ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే, ఆవిడకు ఈ పరీక్షకి పాఠాలు చెప్పే కోచింగ్ మాస్టారి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి బోర్డు మీద నాలుగు గీతలు గీశారు.

"రాయడంలో నాలుగు చూస్తారండీ. అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పారా, వరస కుదిరిందా, రకరకాల మాటలు వాడారా, తప్పుల్లేకుండా రాశారా. నాలుగూ సమానమే."

"మా ఆవిడ తప్పులు రాయదు మాస్టారూ."

"రాయరు. మిగతా మూడింట్లో ఢోకా లేదు. ఆ మొదటిదే కొంప ముంచుతోంది."

ముసలివాళ్ళను ఇంట్లోనే చూసుకోవాలా, ఆశ్రమంలో చేర్చాలా అని పరీక్షలో అడిగారట. రెండు వైపులా వాదించాలి. రెండు వందల యాభై పదాలకు తగ్గకూడదు.

మా ఆవిడ, ఓపిక ఉన్నవాళ్ళు చూసుకోవాలి అని మొదలుపెట్టి, చూసుకోవడానికి ఏమేం కావాలో వరసగా రాసి, రెండు వందలు కూడా దాటకుండానే ఆపేసిందట. పరీక్ష నుంచి రాగానే మాస్టారికి తనే చెప్పింది.

"ఎన్నిసార్లు చెప్పినా అంతేనండీ. ఎక్కువ రాస్తే తర్వాత డ్యూటీకొచ్చేవాళ్ళకి చదివే టైముండదంటారావిడ" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

"ఆ దిద్దినవాళ్ళెవరో చెప్పండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"ఎవరో నాకూ తెలీదు. ఈవిడెవరో వాళ్ళకీ తెలీదు. కాగితం మీద నంబరే ఉంటుంది."

"మళ్ళీ దిద్దమని అడగొచ్చంటగా?"

"అడగొచ్చు. నెల పైనే పడుతుంది."

నెలాఖరు తొమ్మిది రోజుల్లో ఉంది.

ఎవర్ని తిట్టాలో తెలియలేదు. తిట్టడానికి ఎదురుగా మనిషంటూ ఉంటే కదా! షాపుకొచ్చి మిషన్ ముందు కూర్చుంటే సూదిలోకి దారం కూడా ఎక్కలేదు.

నెల అయిపోయింది. పోస్టు పోయింది. ఒకటో తారీఖున అందులో ఒక కొత్తమ్మాయి చేరుతోందన్నారు.

ముందురోజు హెడ్ నర్సు మా ఆవిణ్ణి పిలిచి, తలెత్తకుండానే అడిగిందట.

"వార్డులో అందరి సంగతీ నీకే బాగా తెలుసు. కొత్తమ్మాయి కోసం కాస్త రాసిపెడతావా? ఇంగ్లీషులో."

"నా వల్ల కాదని మొహం మీద చెప్పకపోయావా!" అని అరిచాను.

"మధ్యలో పేషెంట్లేం చేశారండీ?" అంది.

బల్ల ముందు కూర్చుని రాసింది. పన్నెండు మంచాలు. ఒక్కో మంచానికి రెండే లైన్లు. ఎవరికి ఎడమ చేతిలో నరం దొరకదో, ఎవరికి మాత్ర పొడి చేసి ఇవ్వాలో, ఎవరు నొప్పి ఉన్నా లేదంటారో.

నేను ఎదురుగా కూర్చున్నాను. చెయ్యగలిగింది అంతకంటే ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం ఆవిడ ఇంటికి రాగానే ఉండబట్టలేక అడిగాను.

"ఏమందా అమ్మాయి?"

"ఏమంటుంది? ఆ కాగితం నిలబడే ఒకసారి చదువుకుని పనిలోకి దిగిపోయింది."

"సందేహాలేమీ అడగలేదా?"

"ఒక్క ముక్క కూడా అడగలేదండీ" అంది.